ట్రైలర్‌కి ముందు చేయించాల్సింది ఏసీ కాదు

మా అమ్మ ఏ ఊరైనా వెళ్లాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. మోకాళ్లు వంగవు, దారిలో ఉండే బాత్రూముల్లో కింద కూర్చోలేదు, ఒకవేళ కూర్చోగలిగినా వాటి తలుపు తీసి చూసి అలాగే వెనక్కి వచ్చేస్తుంది. విజయవాడ నుంచి తిరుపతి దాకా గొంతు తడుపుకోవడమే తప్ప తాగకుండా వచ్చి, ఆ ఎండకి రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చుకుంది. రెండోసారి డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి మందలించారు. 2023లో బెంగళూరులో ఒక కుటుంబం దగ్గర పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నది అందుకే, సరదాకి కాదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక హుక్కుకి తగిలించి లాక్కెళ్లే చిన్న గది. దానికి సొంత ఇంజన్ ఉండదు. మాది 14 అడుగులది, ఒకటే ఇరుసు, రెండు చక్రాలు, లోపల ఇద్దరు పడుకునే మంచం, మడిచి పెట్టే ఇంకో మంచం, చిన్న బాత్రూము. లాగేది మా పాత స్కార్పియో. విజయవాడ పటమటలో మా ఇంటి ముందు నిలబెట్టిన రోజు నుంచీ చూడ్డానికి వచ్చినవాళ్లంతా లోపలికి తొంగిచూసి అడిగే మొదటి ప్రశ్న "ఏసీ ఉందా?", రెండోది "టీవీ పెట్టించలేదేం?". వాళ్ల మీద నాకు కోపం లేదు. మొదటి ఆరునెలలు నేను ఆలోచించింది కూడా అలాగే, డబ్బు పెట్టింది కూడా ఆ దారిలోనే. అమెరికా వాళ్ల వీడియోలు చూస్తే అంతా అందంగా ఉంటుంది, ఏది కొన్నా బాగుపడ్డట్టే అనిపిస్తుంది. కానీ అవి వాళ్ల రోడ్లకి, వాళ్ల చలికి, వాళ్ల 120 వోల్టుల కరెంటుకి సరిపడా తయారైనవి. మన ఎండ వేరు, మన వాన వేరు, మన హైవే మీద పక్కనుంచి దూసుకుపోయే బస్సు వేరు.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. ట్రైలర్‌కి మార్పులు చేయించడంలో వరస తప్పకూడదు. ముందు రోడ్డు మీద ప్రాణం నిలిపేవి, ఆ తర్వాత వాన నుంచీ కరెంటు నుంచీ నిప్పు నుంచీ కాపాడేవి, ఆ తర్వాత ఇంట్లో అందరికంటే ఓపిక తక్కువున్న మనిషికి అక్కరకొచ్చేవి. ఇంకా డబ్బూ, బరువు మోసే సత్తువా మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు మిగతావి. ఈ వరస నాకు ఎవరూ చెప్పలేదు, దెబ్బ తిని నేర్చుకున్నాను.

ట్రైలర్ కొన్నాక నేను చేయించిన మొట్టమొదటి మార్పు పెద్ద నీళ్ల ట్యాంకు. అమ్మకి నీళ్లకి ఇబ్బంది ఉండకూడదని 120 లీటర్ల ట్యాంకు, వెనక మంచం కింద ఖాళీ ఉంది కదా అని అక్కడే బిగించారు. పిల్లల కోసం రెండు సైకిళ్లు, వాటికో ఇనప స్టాండు, అది కూడా వెనకే. అంతా నింపుకుని బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి బయల్దేరాం. కృష్ణ మీది వారధి దాటి, మంగళగిరి దాటి, కాజ టోల్‌గేటు ఇంకా రాకముందు ఒక బస్సు మమ్మల్ని దాటింది. దాని గాలి తగలగానే ట్రైలర్ తోక ఊపింది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. స్టీరింగ్ నా చేతిలో ఉంది గానీ బండి నా మాట వినట్లేదు. వెనక సీట్లో అమ్మ "నాన్నా, నాన్నా" అంటోంది. బ్రేకు తొక్కాలని కాలు లేచింది, కానీ తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో నాకు తెలియదు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చున్నాను, వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. అదే సరైన పని అని తర్వాత తెలిసింది. అలాంటప్పుడు గట్టిగా బ్రేకు తొక్కినా, స్టీరింగ్ ఎదురు తిప్పినా ట్రైలర్ కారునే తిప్పేస్తుంది.

పక్కకి ఆపి అరగంట కూర్చున్నాం. ఎవరూ మాట్లాడలేదు.

ఆ మర్నాడే ఆటోనగర్ తీసుకెళ్లాను. జవహర్ ఆటోనగర్ గురించి విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, లారీ బాడీ కట్టడం దగ్గర్నుంచి చిన్న నట్టు దాకా అక్కడ దొరకని పని లేదు. లారీ ట్రైలర్లకి ఇరుసులు బిగించే ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి, నేను చెప్పిందంతా విని, ఒకటే అడిగారు: "కాటా వేయించారా బాబూ?" లేదన్నాను. "కాటా వేయించకుండా సామాను ఎలా బిగించారు?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

వేబ్రిడ్జి మీద ట్రైలర్ ఒక్కదాన్నే ఎక్కిస్తే 1,240 కిలోలు వచ్చింది. ప్లేటు మీద ఉన్న పరిమితి 1,300. ఫర్వాలేదనుకున్నాను. అప్పుడాయన ట్రైలర్ ముక్కు, అంటే కారుకి తగిలించే ముందు కొన, దాని కింద ఉండే చిన్న చక్రాన్ని ఒక బాత్రూము తూకం మిషన్ మీద పెట్టించారు, ట్రైలర్‌ని మట్టంగా ఉంచి. 28 కిలోలు! అంత బండికి హుక్కు మీద పడే బరువు 28 కిలోలే, అంటే రెండు శాతం చిల్లర. మిగతాదంతా ఇరుసు మీదా, ఇరుసు వెనకాలా వేలాడుతోంది. వెనక బరువెక్కువైన ట్రైలర్ చిన్న తోపుకే లోలకంలా ఊగుతుంది. అమెరికా వాళ్లు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలంటారు, యూరప్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు, వాళ్ల బండ్ల తీరూ వేగాలూ వేరు కాబట్టి. ఎలా చూసినా రెండు శాతం ప్రమాదమే. అలాగని ముందు ఎంత పడితే అంత మోపడానికీ లేదు, కారు హుక్కుకి ఒక పరిమితి ఉంటుంది, మాకైతే 100 కిలోలు. ట్యాంకు తీసేసి దాని బదులు 70 లీటర్లది సరిగ్గా ఇరుసు మీదకి వచ్చేలా బిగించాం, సైకిళ్లూ స్టాండూ వదిలేశాం. మళ్లీ కాటా వేస్తే 1,165 కిలోలు, ముక్కు మీద 96. ఎనిమిది శాతం పైన. ఆ తర్వాత ఇదే దారిలో ఎన్ని బస్సులు దాటాయో, ట్రైలర్ మళ్లీ తోక ఊపలేదు.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ట్రైలర్ మార్పుల గురించి మాట్లాడేవాళ్లంతా ఏం కొనాలో చెబుతారు, అది ఎక్కడ బిగించాలో, ఎన్ని కిలోలో చెప్పరు. లీటరు నీళ్లంటే కిలో. ఒక అల్మరా చెక్క, ఒక స్టీలు గ్యాస్ స్టాండు, ఒక మైక్రోవేవ్, అన్నీ కిలోలే, ప్రతి కిలో బ్రేకు మీదా టైరు మీదా పడేదే. నేనిప్పుడు ఏ వస్తువు లోపలికి తెచ్చినా ఇంట్లోనే తూచి ఒక నోట్‌బుక్కులో రాస్తాను, ఏ వైపు పెట్టానో కూడా. మా ఆవిడ కొత్త కుక్కర్ తెచ్చినప్పుడు కూడా తూచాను.

టైర్ల సంగతి చెప్పాలి. మేం కొన్నప్పుడు ట్రైలర్ టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి, గాళ్లు లోతుగా, అరుగుదలే లేదు. ఆటోనగర్‌లో పంచర్ షాపు కుర్రాడు వంగి చూసి, "సార్, ఇది 1415" అన్నాడు. టైరు పక్కన చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2015లో 14వ వారంలో తయారైన టైరు, అప్పటికే ఎనిమిదేళ్లు. పక్క గోడలో వెంట్రుకంత సన్నటి పగుళ్లు చూపించాడు. ట్రైలర్ ఎక్కువ కాలం ఎండలో నిలబడే ఉంటుంది, టైరు అరిగి కాదు, ముదిరి చస్తుంది. ఐదారేళ్లు దాటితే గాళ్లు ఎంత బాగున్నా మార్చేయడమే. రెండు కొత్త టైర్లు, ఒక స్టెప్నీ, ఆ పైన గాలి ఎంత ఉందో కారులో కూర్చునే చూపించే చిన్న సెన్సర్లు. కారు టైరులో గాలి తగ్గితే స్టీరింగ్ చెబుతుంది, ట్రైలర్ టైరు తగ్గితే చెప్పేవాళ్లు ఉండరు, అది పేలి బాడీ చీల్చాక తెలుస్తుంది. అందుకే ఆ సెన్సర్లు నాకు ఏసీ కంటే ఎక్కువ.

హుక్కు బంతి కథ చిన్నదే గానీ నన్ను చాలా భయపెట్టింది. మా కారు వెనక హుక్కు మీద ఉండే ఇనప బంతి 50 మిల్లీమీటర్లది. ఆ బంతి మీద బోర్లా కూర్చునే ట్రైలర్ గిన్నెని మాత్రం ముందున్నవాళ్లు ఎప్పుడో మార్చారు, అది రెండంగుళాల బంతికి చేసింది, అంటే 50.8. తేడా మిల్లీమీటరు కూడా లేదు, తగిలిస్తే చక్కగా కూర్చుంటుంది, కంటికి కనపడదు. లేత్ దగ్గర కుర్రాడు కాలిపర్ పెట్టి చూస్తేగానీ తేలలేదు. గుంటల్లో ఎగిరినప్పుడు ఆ సందే పెరుగుతూ పోతుంది. బంతి మార్చాం. దాంతోపాటు రెండు గొలుసులు, హుక్కు ఊడితే ట్రైలర్ బ్రేకు దానంతటదే పట్టేసే తీగ. బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టించాం, ఏడాదికోసారి అది తప్పదు. టీకి ఆగినప్పుడల్లా చక్రాల మధ్య ఉండే హబ్బుల మీద చెయ్యి పెట్టి చూస్తాను, రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉండాలి, ఒకటి కాలిపోతుంటే బేరింగు పోతున్నట్టు.

ఇక కరెంటు. సూర్యలంకలోనే ఒక బస దగ్గర రాత్రికి ట్రైలర్ పెట్టుకున్నాం, వాళ్ల ప్లగ్గు నుంచి వైరు లాగి కరెంటు తీసుకున్నాం. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. సముద్రంలో తడిసి ఉత్తకాళ్లతో పరిగెత్తుకొచ్చి తలుపు హ్యాండిల్ పట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాన్నా, తలుపు జివ్వుమంటోంది." ట్రైలర్ బాడీ మీద ఎక్కడ పెట్టినా టెస్టర్ వెలుగుతోంది. ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు. మా లోపలి పాత హీటర్‌లో కొంచెం లీకేజీ ఉంది. ఇంట్లో అయితే ఆ లీకైన కరెంటు ఎర్తు వైరు పట్టుకుని భూమిలోకి పోతుంది, ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి దానికి దారి లేదు, తడికాళ్లతో మనిషి వచ్చి పట్టుకునేదాకా కాచుకుని ఉంటుంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

తిరిగొచ్చిన వారంలో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ అనే స్విచ్చి పెట్టించాను. వెళ్లే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే, అంటే మధ్యలో ఎవరి ఒంట్లోంచో పోతుంటే, అది కన్ను మూసి తెరిచేలోపు కట్ చేసేస్తుంది, ఎర్తింగ్ లేకపోయినా సరే. మామూలు ఎంసీబీ ఆ పని చెయ్యదు, అది వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. ఇంకా ప్లగ్గులో గుచ్చితే ఎర్తు ఉందో లేదో లైట్లతో చూపించే చిన్న టెస్టర్ ఒకటి కొన్నాను, అది ఒప్పుకోకపోతే ఎంత మంచి హోటలైనా వైరు తగిలించం, బ్యాటరీ మీదే ఉంటాం. చుట్టచుట్టి ఉన్న పొడుగు వైరుని మొత్తం విప్పి పరిచాకే లోడు వేస్తాం, చుట్టలో ఉంటే వేడెక్కి కాలిపోతుంది. ఏసీ కంటే ముందు ఏం చేయించాలని నన్ను ఎవరైనా అడిగితే, ఇదీ అని చూపిస్తాను.

వాన గురించి చెప్పాలంటే 2024 సెప్టెంబరుకి వెళ్లాలి. బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్లు ఆరుగురు మెడలోతు నీళ్లు చూసి, పడవలో బయటపడి మా ఇంటికొచ్చారు. మా ఇల్లు చిన్నది, నలుగురు ట్రైలర్‌లో పడుకున్నారు, తొమ్మిది రోజులు. పిన్ని కూతురు ఇంటర్ చదువుతోంది, బట్టలు వదిలేసి పుస్తకాల సంచి తలమీద పెట్టుకుని తెచ్చుకుంది. దాన్ని మంచం పక్క అరలో పెట్టుకుంది. మూడోరోజు రాత్రి మళ్లీ వాన. పొద్దున్నే చూస్తే ఆ అర పైనున్న మూలలోంచి నీరు దిగి సంచి అడుగంతా నానిపోయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. పుస్తకాలు ఒక్కో పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టుకుంది. వరదలోంచి తెచ్చుకున్నవి నా ఇంట్లో తడిశాయి.

ఆ మూలకి అంతకుముందు నేనే సిలికాన్ పూశాను. గోడలకి వాడే మామూలు సిలికాన్. అది పైకప్పుకి పనికిరాదని నాకు తెలియదు. ట్రైలర్ నడుస్తున్నంతసేపూ కప్పు కదులుతుంది, ఎండకి సాగుతుంది, రాత్రికి కుంచించుకుంటుంది, సిలికాన్ అంచులు లేచిపోతాయి. అంతకంటే పెద్ద సమస్య, ఒకసారి సిలికాన్ పూసిన చోట దాని మీద ఇంకేదీ అంటుకోదు, గీకి గీకి స్పిరిట్‌తో తుడిచేదాకా. రెండు రోజులు కప్పు మీద కూర్చుని అదంతా గీకాం. అతుకుల కింద జిగురు రబ్బరులాంటి బ్యుటైల్ టేపు, దానిమీద రూఫ్‌కి వాడే సీలెంట్, స్క్రూ తలలన్నిటి మీదా అదే. తర్వాత పైపుతో అరగంట నీళ్లు కొట్టి లోపల టార్చిలైటుతో చూశాం. ఏటా జూన్ రాకముందు కప్పెక్కి ఒకసారి చూడటం ఇప్పుడు మా ఇంట్లో పండగ పనిలాగా అయింది. నీరు దిగిన చెక్క లోపల్నుంచి కుళ్లుతుంది, బయటికి తెలిసేసరికి గోడ మెత్తగా ఉంటుంది. అందంగా కొత్త స్టిక్కర్లు వేయించే డబ్బుతో కప్పు సీల్ చేయించుకోండి.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. విజయవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మే నెలలో ఈ రేకు డబ్బాలో మనిషి ఉండలేడు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఏసీ బిగిస్తే సమస్య తీరుతుందనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. వేడి లోపలికి వచ్చాక దాన్ని బయటికి తోలడానికి కరెంటు కావాలి, రాకుండా ఆపడానికి కరెంటు అక్కర్లేదు. మేం కప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేశాం. లోపల సీలింగు విప్పి 25 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్లు పెట్టించాం, అవి దాదాపు బరువు లేనివి. అన్నిటికంటే బాగా పనిచేసింది చవకది, నర్సరీలకి వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్. నాలుగు కర్రలు పాతి ట్రైలర్ కప్పుకి అడుగు పైన కట్టేస్తాం. కప్పుకి ఆనించి పరిస్తే లాభం లేదు, మధ్యలో గాలి ఆడాలి. మధ్యాహ్నం సీలింగుని చేత్తో ముట్టుకుంటే ముందు కాలేది, ఇప్పుడు గోరువెచ్చగా ఉంటుంది. సాయంత్రం కప్పులో బిగించిన ఫ్యాను లోపలి వేడిగాలిని పైకి లాగేస్తుంది, నీడ వైపు కిటికీ తీసి ఉంచితే చల్లగాలి దానంతటదే వస్తుంది. కిటికీలకి సన్న దోమల జాలి, కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లకి అది ఎందుకో చెప్పక్కర్లేదు. కూలర్ కూడా పెట్టి చూశాం. నాగార్జునసాగర్ దగ్గర పొడి ఎండలో బ్రహ్మాండంగా పనిచేసింది, సూర్యలంకలో ఉక్కపోతని ఇంకా పెంచింది, గాలిలో అప్పటికే తేమ ఉంటే నీరు ఆవిరి కాదు కదా.

లెక్క చెబుతాను. ఇప్పుడు మాకున్న బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది, 12.8 వోల్టులు, 100 యాంపియర్ అవర్లు, అంటే 1,280 వాట్ అవర్లు. టన్ను ఏసీ జోరుగా నడిస్తే గంటకి అటూఇటూ 1,000 వాట్ అవర్లు తింటుంది. గంటంబావులో బ్యాటరీ ఖాళీ. కరెంటు తక్కువ తినే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 224. రెండు ఫ్యాన్లు, లైట్లు, నీళ్ల పంపు, అందరి ఫోన్లు కలిపినా 700 దాటదు. కప్పు మీద 100 వాట్ల సోలార్ పలకలు రెండున్నాయి, మంచి ఎండరోజు ఇంచుమించు అంత తెస్తాయి. ఎండ ఎక్కువైతే సోలార్ ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. వెలుతురు ఎక్కువైతే వస్తుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోతుంది, మన ఎండల్లో పలక 65 డిగ్రీలకి కాగితే ఇంచుమించు ఏడో వంతు పోయినట్టే. అందుకని వాటిని కప్పుకి అతికించకుండా రెండంగుళాల ఎత్తులో బిగించాం, కింద గాలి ఆడుతుంది, పలక నీడ కప్పుకీ పనికొస్తుంది.

ముందు మా దగ్గర ఉన్నది ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ, 50 కిలోల పైమాటే. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కొత్తది 12 కిలోలు, ఖరీదు ఎక్కువే, కానీ దాదాపు మొత్తం వాడుకోవచ్చు, ఎన్నో రెట్లు ఎక్కువసార్లు చార్జ్ అవుతుంది. దాదాపు 40 కిలోలు తగ్గించిన మార్పు కాబట్టి దీనికి పెట్టిన డబ్బు గురించి నాకు విచారం లేదు. ఒక్క జాగ్రత్త, 12 వోల్టుల వైరింగ్ ఇంటి వైరింగ్ లాంటిది కాదు. అదే 120 వాట్లు ఇంట్లో అరయాంపు లాగితే ఇక్కడ 10 యాంపులు లాగుతుంది. సన్న వైరు వేస్తే వేడెక్కుతుంది. లావు రాగి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఈ రెండూ లేకుండా ఏ ఎలక్ట్రీషియన్ ఎంత ధైర్యం చెప్పినా స్విచ్చి వెయ్యకండి.

తర్వాత ఏసీ కూడా పెట్టించాం, దాచుకోవడం ఎందుకు. చిన్నది. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు దొరికిన చోటే వేస్తాం. అది మా జాబితాలో పదకొండోది.

వంట విషయంలో మా ఆవిడ మాటే నెగ్గింది. లోపల స్టవ్ ఉంది, మొదటిసారి గుంటూరు మిరపకాయలతో తాలింపు పెట్టగానే ఆరుగురం దగ్గుకుంటూ బయట పడ్డాం. ఆ ఘాటు పరుపుల్లోంచి పోవడానికి రెండు రోజులు పట్టింది. "ఏవండీ, ఈ స్టవ్‌ని బయట పెట్టించండి, లేదంటే ఈ ట్రైలర్‌లో నేను నీళ్లు కూడా కాచను" అంది. బయటి గోడకి మడత బల్ల బిగించాం, కొక్కెం తీస్తే కిందకి వాలుతుంది, పైన గుడారం గుడ్డ. ఐదు కిలోల సిలిండర్ ముందు పెట్టెలో ఉంటుంది, ఆ పెట్టె అడుగున చిల్లులు ఉంటాయి, ఎందుకంటే వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీదే పరుచుకుంటుంది. గ్యాస్ పసిగట్టే అలారం కూడా నేలకి అడుగు ఎత్తులో పెట్టాలి, చాలామంది సీలింగుకి పెట్టిస్తారు, అది మోగేసరికి ఆలస్యమైపోతుంది. బండి కదిలేముందు సిలిండర్ వాల్వు కట్టేయడం నా పని. తలుపు పక్కన రెండు కిలోల ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, మంచం కింద కాదు, తలుపు పక్కన.

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, రిజిస్ట్రేషన్‌లో రాసిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. లోపల ఫ్యాను, బ్యాటరీ, పరుపు ఒక ఎత్తు. చాసిస్ పొడిగించడం, ఇరుసు మార్చడం, వెడల్పు పెంచడం ఇంకో ఎత్తు. అలాంటివి ఆర్టీవో ఆఫీసులో అడక్కుండా చేయించొద్దు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది దాన్నే.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినవి అమ్మ కోసం చేయించినవి. ట్రైలర్ గుమ్మం నేలకి రెండడుగుల ఎత్తు, ఉన్నది ఒకటే మెట్టు. దాన్ని తీసేసి మూడు మెట్ల మడత నిచ్చెన చేయించాం, ఒక్కో మెట్టు ఎనిమిదంగుళాలు, పైన గరుకు పట్టీ. తలుపు పక్కన నిలువుగా ఒక స్టీలు కడ్డీ, బాత్రూములో కమోడ్‌కి రెండు వైపులా రెండు కడ్డీలు. అవి ఉత్త ప్లైవుడ్‌కి స్క్రూ వేస్తే ఒక్క లాగుకే ఊడి వస్తాయి, గోడలోపలి ఇనప ఫ్రేము ఎక్కడుందో వెతికి దానికి వెల్డింగ్ చేయించాలి. కమోడ్ ఎత్తు నాలుగంగుళాలు పెంచాం. రాత్రి నేలమీద పడేలా ఒక వాట్ చిన్న లైటు, అది తెల్లార్లూ వెలుగుతుంది. అమ్మ మొదటిరోజు ఆ మెట్లు రెండుసార్లు ఎక్కి దిగింది, ఊరికే. మొన్న కార్తీకంలో కోటప్పకొండ వెళ్లినప్పుడు నరసరావుపేట చేరేలోపు సీసాలో నీళ్లన్నీ తాగేసింది.

ఒక్క పని మాత్రం ట్రైలర్‌కి ఎంత చేయించినా తీరదు. మా టాయిలెట్ కింద ఉన్నది 20 లీటర్ల పెట్టె, సూట్‌కేస్‌లా బయటికి లాగొచ్చు. రెండు రోజులకి నిండుతుంది. నిండాక ఎక్కడ ఖాళీ చేయాలి? అమెరికాలో, యూరప్‌లో క్యాంపుల దగ్గర దానికోసమే కట్టిన గుంటలు ఉంటాయి. మన దగ్గర నాకెక్కడా కనపడలేదు. ఒకాయన నాతో, బందరు కాలవ పక్కన ఆపి పోసేయండి, ఎవరు చూస్తారు, అన్నాడు. ఆ కాలవ నీళ్లు కింద ఊళ్లలో జనం వాడతారు, పశువులు తాగుతాయి, నేను పొయ్యలేను. కంపు రాకుండా ఆ పెట్టెలో పోసే, ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలిరంగు మందు కూడా వాడను, అది సెప్టిక్ ట్యాంకులో మురికిని కరిగించే సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. ప్రతిసారీ ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి, డీజిల్ కొట్టించుకుని, అక్కడున్న మనిషిని పక్కకి పిలిచి సంగతి చెప్పి అడుగుతాను. కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకున్నచోట మేమే బకెట్లతో నీళ్లు పోసి బాత్రూము మొత్తం కడిగి, ఫినాయిల్ చల్లి వస్తాం. హైవే మీద లారీ డ్రైవర్ల కోసం కట్టే విశ్రాంతి చోట్లలో సెప్టిక్ ట్యాంకు ఎలాగూ ఉంటుంది, దానికి బయటినుంచి ఒక మూత, పక్కన ఒక కుళాయి పెట్టిస్తే చాలు. జిల్లా టూరిజం ఆఫీసుకి ఈ సంగతి ఒకసారి ఉత్తరం రాశాను, ఈ నెల మళ్లీ రాస్తున్నాను, ఈసారి ఆ మూత ఎలా ఉండాలో బొమ్మ గీసి జతచేస్తున్నాను.